మూడో ఫ్లోరులో రెండు చేతులు

ముందు మీరు చెప్పండి. ఏం చూశారు?

అద్దెకు తెచ్చుకున్న టేపే కదా. నలభై ఒకటో నిమిషం దగ్గర బటన్ నొక్కి ఆపారు. బొమ్మ సన్నగా వణుకుతూ నిలబడింది. నేతగత్తె ఓరికు దెయ్యమై నేల మీంచి పైకి లేస్తోంది... ఆమె జుట్టు వెనకాల, తెర పై అంచున, ఎడమ మూల — రెండు తెల్లటి చేతులు. ఒళ్లు లేదు. మొహం లేదు. చీకట్లోంచి వచ్చి దేన్నో పట్టుకుని ఉన్నాయి.

మీరు కెవ్వుమన్నారు. తర్వాత నవ్వుకున్నారు. మళ్లీ వెనక్కి తిప్పి చూశారు.

నాకు తెలుసు. ఈ ఏడాది క్యోతోలో ఏ వీడియో షాపుకెళ్లినా ఆ టేపు గుమ్మంలోనే ఉంది. దాని మీద ఎర్ర కాగితం — ‘నిజమైన దెయ్యం కనబడే సినిమా’ అని. కుర్రకారుకి మళ్లీ దెయ్యాల మోజు పట్టింది. కొత్తవి చాలక పాతవాటిని తవ్వుకుంటున్నారు.

ఆ చేతులు ఎక్కడివో నాకు తెలుసు. ఈ ఊళ్లోనే, ఉజుమాసా పేటలో మా సినిమా స్టూడియో. కంపెనీ పేరు చెప్పను. చెబితే వాళ్లకి నా చేత్తో ఇంకో పోస్టరు అంటించిపెట్టినట్టే. లోపల ఏడు షెడ్లు. షూటింగు జరిగే షెడ్డుని మేం ఫ్లోరు అంటాం. అందులో మూడో ఫ్లోరుకి చెడ్డపేరు.

చీకటి పడ్డాక ఆ తలుపు ముందు నుంచి ఎవరూ ఒంటరిగా నడవరు. విగ్గుల పెట్టెలు మోసే ఆడవాళ్లు చుట్టూ తిరిగి వంటశాల వెనక నుంచి పోతారు. గుమ్మానికి అటూ ఇటూ ఉప్పు చిన్న చిన్న కుప్పలుగా పోసి ఉంటుంది, దుష్టశక్తి దాటకుండా. పొద్దున పోసిన ఉప్పు సాయంత్రానికల్లా కరిగి కారిపోతుందని చెప్పుకునేవాళ్లు. ముసురు పట్టిన రోజుల్లో ఉప్పు కరగక ఏం చేస్తుందని నేనడిగితే నన్ను తినేసేలా చూసేవాళ్లు.

ఒక రాత్రి అక్కడ ఏం జరిగిందో నేను చూడలేదు. గేటు కాపలా తొకురో నాకు ఏం చెప్పాడో అదే, చెప్పినట్టే చెబుతున్నా.

తొకురో పిరికివాడు కాదు. బర్మా అడవుల్లో యుద్ధం చేసి, తోటివాళ్ల శవాల పక్కన పడుకుని బతికొచ్చినవాడు. దెయ్యం మాట ఎత్తితే, దాన్ని వెళ్లి ముందు మా పటాలంలో హాజరు వేయించుకోమను, నాకోసం లైన్లో చచ్చిన నా స్నేహితులు చాలామంది ఉన్నారు అనేవాడు.

1975 నాటి మాట. అప్పటికి సినిమా చచ్చింది. జనమంతా ఇళ్లలో టీవీ ముందు కూర్చున్నారు. మూడో ఫ్లోరులో షూటింగు ఆగి ఏళ్లయింది. కంపెనీ ఏం చేసిందో తెలుసా? దాన్ని దెయ్యాల కొంపగా మార్చి టికెట్టు పెట్టింది. ఓరికు సెట్టు మళ్లీ వేశారు. పైన చెక్క పలక కట్టి దాని అంచుకు రెండు ప్లాస్టరు చేతులు తగిలించి మోటారు పెట్టారు. చేతులు మూసుకుంటాయి, తెరుచుకుంటాయి. కింద పిల్లలు ఏడుస్తారు, తల్లులు నవ్వుతారు.

ఆగస్టు నెల. రాత్రి తొమ్మిదైంది. తాళాలు వేసుకుంటూ తొకురో ఆ ఫ్లోరులోకి వెళ్లాడు. మెయిన్ దించాడు. లైట్లు పోయాయి. చేతిలో టార్చి ఒక్కటే.

నాలుగడుగులు వేశాడో లేదో... నుదుటి మీద ఒక బొట్టు పడింది.

వెచ్చగా ఉంది.

పైకప్పు కారుతోందేమో అనుకున్నాడు. కానీ పది రోజులుగా వాన చినుకు లేదు. టార్చి పైకెత్తాడు.

పలక అంచున రెండు చేతులు.

ప్లాస్టరు చేతులేగా అని సర్దిచెప్పుకున్నాడు. ఆ చేతులు కరెంటు లేకపోతే కదలవు. ఇవి — వణుకుతున్నాయి. మోయలేని బరువు మోసేవాడి చేతులు ఎలా వణుకుతాయో, అలా. వేళ్లు ఒక్కొక్కటీ జారుతూ... మళ్లీ పట్టు బిగిస్తూ...

ఇంకో బొట్టు పడింది. పెదవికి ఉప్పగా తగిలింది.

“ఎవరది?” అన్నాడు తొకురో.

జవాబు లేదు. ఆ నిశ్శబ్దం ఎలా ఉందో తొకురో నాకు చాలాసేపు చెప్పాడు. మనిషిని భయపెట్టడానికి నక్కి కూర్చున్నవాడి నిశ్శబ్దం కాదట అది. చిన్న చప్పుడైతే చాలు, కొంప మునిగిపోతుందని భయపడి ఊపిరి బిగబట్టినవాడి నిశ్శబ్దమట.

ఎందుకన్నాడో తనకే తెలీదు.

“అయిపోయింది నాయనా... ఇక వదిలెయ్.”

ఎడమ చెయ్యి వదిలింది. తర్వాత కుడి చెయ్యి.

కింద పడ్డ చప్పుడు మాత్రం — లేదు.

తెల్లారాక కనుక్కుంటే, ప్లాస్టరు చేతుల్ని ముందురోజు మధ్యాహ్నమే విప్పేశారట. రంగులు వేసి, పెయింటు గదిలో బల్ల మీద ఆరబెట్టి ఉన్నాయి.

తొకురో ఆ నెలలోనే ఉద్యోగం మానేశాడు. స్టేషన్ పక్కన కోడిముక్కలు కాల్చే బండి దగ్గర నన్ను కూర్చోబెట్టి ఇదంతా చెప్పాడు. చెప్పి, నా మొహంలోకి చూస్తూ అడిగాడు.

“దెయ్యానికి చెమట పడుతుందా, కుసకా? సరే, పడుతుందే అనుకో. నీళ్లలో పడ్డ పిల్లి కూడా అరుస్తుందే. అదెందుకు అరవలేదు?”

నా చేతిలో పుల్ల, పుల్లకు మాంసం, అలాగే చల్లారిపోయాయి. వాడికి తెలీదు. నాకు తెలుసు.

నా కోపం దెయ్యం మీద కాదు. దెయ్యాన్ని తయారుచేసినవాళ్ల మీద.

మా దేశంలో దెయ్యాల సినిమా ఎలా పుడుతుందో మీకు ఎవరూ చెప్పి ఉండరు. చచ్చిపోయినవాళ్లు ఏడాదికోసారి ఇంటికొచ్చేది ఆగస్టులో. పెద్దల పండగ. ఒళ్లు ఉడికిపోయే ఎండలూ అప్పుడే. జనానికి చలి పుట్టాలి కాబట్టి ఆగస్టుకి రెండు దెయ్యాల బొమ్మలు ఉండాల్సిందే. ఐసు అమ్మినట్టే. మా నాన్న కాలంలో బొమ్మకి మాట లేదు. తెర పక్కన ఒకాయన నిలబడి దెయ్యం గొంతుతో కథ చెబితే, హాల్లో ఆడవాళ్లు చెప్పులు వదిలేసి పారిపోయేవాళ్లట. యుద్ధం రోజుల్లో దెయ్యాలు ఆగిపోయాయి. చచ్చినవాళ్లు తిరిగొస్తారని చూపిస్తే, కొడుకుల్ని పంపిన తల్లులు ఏమడుగుతారో అని కాబోలు. యుద్ధం అయ్యాక కొన్నాళ్లు అమెరికా వాళ్ల సెన్సారు కత్తెర. వాళ్లు వెళ్లిపోయాక ఇక గేట్లు ఎత్తేశారు. వారానికో కొత్త బొమ్మ కావాలి. ఇరవై రోజుల్లో తియ్, కాదు పద్దెనిమిది రోజుల్లో తియ్, పగలూ రాత్రీ తియ్.

ఆ తొందరలో మూడో ఫ్లోరులో తీసిందే ఓరికు బొమ్మ. 1957. నేను లైట్‌మన్‌ని. నాకు ఇరవై ఏడేళ్లు.

లైట్లు కింద ఉండవు. సెట్టుకి కప్పు ఉండదు. పైన, షెడ్డు దూలాలకు జనపతాళ్లు కట్టి, తాళ్లకు పలకలు వేలాడదీస్తారు. జానెడున్నర వెడల్పు. కింద నేల ఇరవై అయిదు అడుగులు. ఆ పలక మీద కూర్చుని, కాలుతున్న లైటుని తెల్లటి నూలు తొడుగులేసుకున్న చేతులతో తిప్పాలి. పట్టుకోవడానికి కమ్మీ లేదు, ఏమీ లేదు. లైటు వేడికి తాళ్లు లోలోపల మాడిపోయేవి. వసంతకాలం నుంచీ అడుగుతున్నాం, తాళ్లు మార్చమని. మా లైటింగ్ మేస్త్రీ ఓబాతా ఆగస్టు బొమ్మ అవ్వనివ్వండి అన్నాడు.

నా ఎదురు పలక మీద కూర్చునేవాడు ఇసోబె తామెకిచి. నాకంటే ఏడేళ్లు పెద్ద. పైకెక్కిన మొదటిరోజు నేను తాడు పట్టుకుని వదలకపోతే, కిందికి చూడకు, కింద నీ పక్కింటివాడి పెళ్లాం స్నానం చేస్తోంది అనుకుని పైకే చూడు అని నవ్వించినవాడు. అన్నా అని పిలిచేవాణ్ని. వాళ్లావిడ కినువె వదిన నాకు వంకాయ ఊరగాయ పంపేది.

దెయ్యం బొమ్మ మొదలుపెట్టే రోజు ఒక ఆచారం ఉంది. ఎవరి కథ తీస్తున్నారో ఆ దెయ్యానికి ఒక రాయో, చిన్న గుడో ఎక్కడో ఒకచోట ఉంటుంది. డైరెక్టరు దగ్గర్నుంచి టీ మోసేవాడి దాకా అందరూ వెళ్లి దణ్ణం పెట్టి, నీ కథ చెప్పుకుంటున్నాం తల్లీ, ఏమీ అనుకోకు అని వేడుకుని రావాలి. ఓరికు రాయి నేతపనివాళ్ల పేట నిషిజిన్‌లో ఒక గుడి వెనక ఉంది. అందరూ వెళ్లారు. ఇసోబె అన్నా నేనూ వెళ్లలేదు. వెళ్లనివ్వలేదు. వాళ్లు తిరిగొచ్చేసరికి పలకలు కట్టి ఉండాలని ఓబాతా మమ్మల్ని ఆపేశాడు.

పలక ఎత్తుతూ నేనే అన్నాను, ఓరికుకి కోపం వస్తుందేమోనని. అన్న కొట్టిపారేశాడు.

“మన మీద కోపమెందుకురా? దాని మొహం మీద వెలుగు వేసేదే మనం. నచ్చకపోతే చెప్పమను, ఇంకాస్త నీలం వేద్దాం.”

అంతే. ఆ మాట విన్నవాళ్లం ముగ్గురం. అన్న, నేను, గుడికి బయల్దేరబోతూ కింద నిలబడ్డ ఓబాతా.

తొమ్మిదోరోజు అన్నకి దగ్గొచ్చింది. టేక్ మధ్యలో. పైన పొగ, దుమ్ము, రాదా మరి? డైరెక్టరు కెమెరా ఆపించాడు. ఓరికు వేషం వేసే ఆవిడకి మొహం మీద ఆ గాయాలన్నీ మళ్లీ అంటించడానికి మూడు గంటలు పడుతుంది. అన్నని కిందికి దింపారు. నలభై మంది ముందు, ఒక్కొక్కరికీ వంగి క్షమాపణ చెప్పించారు. టీ మోసేవాడికి కూడా. ఓబాతా చుట్టిన కాగితాలతో అన్న తల మీద ఒక దెబ్బ వేశాడు — చచ్చినా సరే, కట్ చెప్పాకే చావు అని. అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కనబడుతుంది.

పద్నాలుగోరోజున అన్న పైనుంచి పడి చచ్చిపోయాడు.

షూటింగు ముగిశాక, దిగుతూ, కాలు జారాడని పోలీసులకు రాసిచ్చారు. పేపర్లలో వచ్చింది వేరు. ‘ఓరికుని ఎగతాళి చేసిన లైట్‌మన్ మృతి’ అని పెద్దక్షరాలు. పూజకి రాలేదట, దెయ్యానికి రంగులు వేస్తానని వెక్కిరించాడట. ముగ్గురం విన్నామని చెప్పాను కదా. ఒకడు చచ్చాడు. నేను చెప్పలేదు. ఇక లెక్క మీరే వేసుకోండి.

ఆ బొమ్మ విడుదలైంది. అందులో ఈ చేతులు. పోస్టరు మీద బాణం గుర్తు వేసి మరీ — ‘ఓరికు చేతుల్ని మీ కళ్లతో చూడండి’. హాలు ముందు నర్సుల్ని నిలబెట్టారు, మూర్ఛపోయేవాళ్ల కోసం. జనం వీధి చివరిదాకా బారులు తీరారు. అప్పట్నుంచి ప్రతి ఆగస్టుకీ అదే బొమ్మ, అదే కథ. పూజకి రానివాణ్ని ఓరికు లాగేసిందని.

పూజకి నేనూ వెళ్లలేదు. నన్నెందుకు వదిలేసిందట? ఒక్క విలేకరి కూడా అడగలేదు.

కంపెనీ కట్టుకథ ఒక మనిషి మెడకి ఎలా చుట్టుకుందో వినండి. కినువె వదిన అత్తగారు ఆవిణ్ని శాపగ్రస్తుడి పెళ్లాం అంది. వీధిలో వాళ్లు ఆవిడ గుమ్మం ముందు ఉప్పు చల్లిపోయారు. మొదటి సంవత్సరీకానికి ముందు వదిన ఓరికు రాయి దగ్గరికి వెళ్లి, దాని ముందు ఒక పట్టునూలు చిలప, చుట్టిన దారం కట్ట, పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, నేల మీద నుదురు ఆనించి వేడుకుంది. మా ఆయన నోరు జారాడు, క్షమించు, ఆయన్ని వదిలిపెట్టు అని. అప్పట్నుంచి ఏటా వెళ్లింది. నలభై ఏళ్లు. మోకాళ్లు వంగని వయసులో కూడా.

నేను ఏం చేశానంటారా? మరుసటి ఏడాది ముప్పై ఎనిమిది రోజులు సమ్మె చేశాం. గేటు ముందు కిరాయి గూండాల చేత తన్నులు తిన్నాను. ముందు పళ్లు రెండు అక్కడే రాలాయి. పలకలకు ఇనుప గొలుసులు వేయించాం. కమ్మీలు పెట్టించాం. ఆ తర్వాత ఆ స్టూడియోలో పైనుంచి పడి ఎవడూ చావలేదు. యూనియన్ వాళ్లు నా మెడలో దండ వేశారు. ధైర్యస్తుడు అన్నారు.

ధైర్యస్తుణ్ని.

ఈ ఆగస్టు పదమూడున, పెద్దలు ఇంటికొచ్చే రోజున, మధ్యాహ్నం ఎండలో కినువె వదిన మా ఇంటికి వచ్చింది. డెబ్బై రెండేళ్లు. చేతిలో గుడ్డలో చుట్టిన పొట్లం. కూర్చోమన్నా కూర్చోలేదు. చల్లటి బార్లీ నీళ్లు ఇస్తే పక్కన పెట్టింది. పొట్లం విప్పింది. టేపు.

ఆవిడ ఆ బొమ్మ ఎప్పుడూ చూడలేదు. నలభై ఒక్క ఏళ్లు ఆ పోస్టరు ఉన్న వీధిలో తల దించుకుని నడిచింది. మొన్న మేనకోడలి ఇంటికి వెళితే వాళ్లు అదే పెట్టుకుని చూస్తున్నారట. మేనకోడలు సరిగ్గా ఆ చోట ఆపి, అత్తా, ఇదిగో చూడు, దెయ్యం చేతులు అని చూపించిందట.

వదిన నా మిషన్లో టేపు తనే పెట్టింది. తనే ఆపింది. మోకాళ్ల మీద టీవీ దగ్గరికి జరిగింది.

“నాకు చూపు ఆనదు, కుసకా. నువ్వు చెప్పు. ఎడమ చెయ్యి చిటికెన వేలు ఎలా ఉంది?”

మిగతా వేళ్లన్నీ పలకని కరుచుకుని ఉన్నాయి. చిటికెన వేలు ఒక్కటే పక్కకి నిటారుగా పొడుచుకుని ఉంది.

“చిన్నప్పుడు మగ్గంలో నలిగింది. మడవడానికి వచ్చేది కాదు. గిన్నె పట్టుకున్నా అంతే. దొరగారు టీ పుచ్చుకుంటున్నారని ఏడిపించేదాన్ని.”

వదిన నా వైపు తిరిగింది.

“షూటింగు అయిపోయాక పడ్డాడన్నారు. కెమెరా తిరుగుతుంటే ఈయన ఇక్కడ ఏం చేస్తున్నాడు?”

అప్పుడు చెప్పాను. నలభై ఒక్క ఏళ్ల తర్వాత. టేక్ మొదలైన కాసేపటికే ఒక చివర తాడు పోగులు పోగులుగా తెగిందని. పలక ఒరిగిందని. అన్న జారి, అంచు పట్టుకుని వేలాడాడని. ఓరికు పైకి లేచేటప్పుడు కెమెరా రిహార్సల్లో కంటే జానెడు ఎక్కువ లేచిందని, అందుకే చేతులు పడ్డాయని. మర్నాడు ఆ ముక్క వేసుకుని చూసినప్పుడు ఎవరి చేతులో గదిలో అందరికీ తెలిసిందని. ఇది తీసేసి మళ్లీ తీద్దామని డైరెక్టరు అంటే, ప్రచారం చూసే నాగత్సుకా, పిచ్చా నీకు, ఇంతకంటే మంచి దెయ్యం ఎక్కడ దొరుకుతుంది అన్నాడని.

వదిన తెర మీద ఆ చేతుల దగ్గర అరచెయ్యి ఆనించింది.

“తెరమీద ఇరవై మూడు సెకన్లు. నేను లెక్కపెట్టాను. అంతకుముందు ఎంతసేపు?”

“ఒక నిమిషం... ఇంకా ఎక్కువే ఉంటుంది.”

“ఎందుకు అరవలేదు?”

“కెమెరా తిరుగుతోంది, వదినా.”

ఆవిడకి అర్థమైంది. నేతపనివాళ్ల ఇంట్లో పుట్టిన మనిషి. పని చెడగొట్టడమంటే ఏమిటో వాళ్లకి చెప్పక్కర్లేదు. మొహం గట్టిపడింది. తన మొగుడు ఎవర్నీ వెక్కిరించలేదని, పని చేశాడని, పని చేస్తూ చచ్చాడని, దానికి తను నలభై ఏళ్లు ఒక రాయి కాళ్లు పట్టుకుందని మెల్లగా, ఒక్కొక్క మాటే అంది. సంచిలోంచి ఈ ఏడాదికని కొన్న నూలు చిలప తీసి చూసుకుంది. ఈసారి క్షమాపణ అడగడానికి వెళ్లనంది. ఓరికుకి చెప్పి రావడానికి వెళ్తానంది. పాపం, చెయ్యని హత్య నలభై ఏళ్లుగా ఆ పిల్ల నెత్తిన రుద్దారంది.

గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

“నువ్వెక్కడున్నావు?”

“ఎదురు పలక మీద.”

“నిన్ను చూశాడా?”

“చీకటి, వదినా. నేను కిందికి చూస్తున్నాను.”

ఆవిడ వంగి దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. ఎండలో ఆవిడ గొడుగు మలుపు తిరిగేదాకా నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

నేను చెప్పింది అబద్ధం.

చీకటి కాదు. వెలుగు ఉంది. నాదే ఆ వెలుగు. ఓరికు పైకి లేస్తుంటే ఆమె మొహం మీంచి వెనక చీకట్లోకి నీలం లైటుని మెల్లగా, ఊపిరి పీల్చినంత మెల్లగా తిప్పడం ఆ టేక్‌లో నా పని. మధ్యలో ఆపితే టేక్ పాడవుతుంది. నేను తిప్పుతున్నాను. ఆ వెలుగు వెళ్లి వెళ్లి... అన్న చేతుల మీద పడింది. తెల్లటి నూలు తొడుగుల మీద. తర్వాత మొహం మీద. మీరు ఆపి ఆపి చూశారే, ఆ చేతులు తెరమీద కనబడుతున్నది నా లైటు వల్ల.

మా ఇద్దరి మధ్య పన్నెండు అడుగులు.

అన్న నన్ను చూశాడు. కళ్లలోకి చూశాడు. నోరు గట్టిగా మూసుకుని ఉంది. చెమట ధారగా కారుతోంది. నేను నోరు తెరిచాను... అరవబోయాను... అన్న తల అడ్డంగా ఊపాడు. ఒక్కసారి. మెల్లగా.

నేను నోరు మూసుకున్నాను.

నా చేతులు ఆగలేదు. లైటు తిరుగుతూనే ఉంది. కింద నలభై మంది ఓరికు మొహం చూస్తున్నారు. ఒక్కడు తలెత్తలేదు. డైరెక్టరు కట్ అన్నాడు. చాలా బాగుంది అన్నాడు. ఎవరో హమ్మయ్య అన్నారు.

అప్పుడు వదిలేశాడు.

మర్నాడు కంపెనీ కాగితం తెచ్చింది — మేమంతా కిందికి చూస్తున్నాం, మాకేమీ కనబడలేదు అని. సంతకానికి బదులు వేసే నా పేరు ముద్ర తీసి, ఎర్ర సిరాలో అద్ది, వేశాను. ఆ ముద్ర వేసిన చేత్తోనే ఆ తర్వాత సమ్మె జెండా పట్టుకున్నాను. గొలుసుల కోసం, కమ్మీల కోసం గొంతు చించుకుని అరిచాను. ఎంత అరిచానంటే, ఆ ఒక్కరోజు అరవనిదంతా అందులో కొట్టుకుపోవాలని అరిచాను.

ఇన్నేళ్లూ నన్ను నేను ఒక్క మాటతో ఊరుకోబెట్టుకుంటూ వచ్చాను. అన్నే వద్దన్నాడు. టేక్ చెడగొట్టొద్దన్నాడు. తల ఊపాడు కదా, నేను చూశాను కదా అని.

వదిన వెళ్లిపోయిన దగ్గర్నుంచి ఆ మాట నిలబడటం లేదు. పట్టు జారిపోతున్నవాడు కూడా తల అలాగే ఊపుతాడు. ఇక నావల్ల కాదురా అని. ఇంకా ఏం చూస్తున్నావురా అని.

టేపులో మొహం పడలేదు. చేతులే పడ్డాయి. వందసార్లు వెనక్కి తిప్పాను, నా ముసలి కళ్లకి ఏమీ తెలియడం లేదు. మీరు ఆ చేతుల్ని నాకంటే ఎక్కువసార్లు ఆపి చూసినవాళ్లు. భయం కోసం చూశారు. ఈసారి ఆ వేళ్లు చూడండి. ఆ పట్టు చూడండి. చూసి చెప్పండి — ఆయన నన్ను అరవొద్దన్నాడా... అరవమన్నాడా?